ఇచ్చేదేదో పూర్తిగ ఇయ్యి వదినా

వదినా, ఓ వదినా! జెర గోడ కాడికి రారాదు. బట్టలు మెల్లగ ఆరేద్దువు గని, ఎండ యాడికి పోదు. పొద్దుగాల అన్న గేటు కాడ ఫోన్ మాట్లాడుతుంటె నా చెవిల పడ్డది. మీ ఆడబిడ్డ కూతురికి నాదర్‌గుల్ ఎం.వి.ఎస్.ఆర్. కాలేజీల సీటొచ్చిందట గదా! ఎంత మంచి మాట విన్న పొద్దుగాలనే. 1981 నుంచి నడుస్తున్న కాలేజి అది, మన బడంగ్‌పేట్‌కు పక్కనే. పిల్ల ఇగ సెలవు దొరికితె మీ ఇంట్లనే ఉంటది. నాక్కూడ నాలుగు ముచ్చట్లు చెప్పే మనిషి దొరికింది.

ఆ పిల్లకు మీ పాత ల్యాప్‌టాప్ ఇస్తున్నరట. ఆ మాట విన్నంకనే నిన్ను పిలిచిన. ఇయ్యుడు చానా మంచి పని, నేను వద్దంటలేను. ఫీజు కట్టే టైముల మల్ల ల్యాప్‌టాప్ కొనాలంటె ఆ తండ్రి ఎన్ని లెక్కలు వేసుకోవాలె! నడిచే మిషన్ అల్మారీల పడి ఉండుడు కంటె చదువుకునే పిల్ల చేతికి పోవుడే న్యాయం. గని ఎట్ల ఇస్తున్నరు అన్నదే నా బాధ. పైన పైన తుడిచి, బ్యాగుల పెట్టి, "తీస్కపో బిడ్డా" అంటె ఇచ్చినట్టు కాదు వదినా. మీ సంగతులు సగం ఆ పిల్ల ఎంబడి పోతయి, మిషన్ మీద హక్కు సగం మీ కాడనే ఉండిపోతది. రెండూ తప్పే.

ఏమంటున్నవ్? అన్న అన్ని ఫైళ్లు డిలీట్ కొట్టిండా? రీసైకిల్ బిన్ గూడ ఖాళీ చేసిండా? ఈ మాట నా నెట్ దుకాణంల రోజూ వింట. మనూర్ల ప్లాట్ల సంగతి అన్నకు ఎరుకే గదా, ఒకటి అడుగు. ప్లాటు మూలకు పాతిన నంబరు రాయి పీకేస్తె ప్లాటు మాయమైతదా? ఇంకోడు వచ్చి దాని మీద ఇల్లు కట్టేదాక ఆ భూమి ఆడ్నే ఉంటది. డిలీట్ కొట్టుడు అంటె అంతే. ఫైలు పేరు, అది డిస్కు మీద ఏడుందో చెప్పే గుర్తు, అవి పోతయి. అసలు సంగతి మీద ఇంకోటి వచ్చి రాసుకునేదాక లోపట అట్లనే ఉంటది. తిరిగే పాత హార్డ్‌డిస్క్ అయితె, నెట్ల ఉత్తగ దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్‌తోని కొద్దిగ తెలివున్న పిలగాడు ఒక్క పూటల వాపస్ తీస్తడు.

నిన్ను భయపెట్టనీకి చెప్తలేను. అమెరికాల ఎం.ఐ.టి.ల చదివే ఇద్దరు, సిమ్సన్ గార్ఫింకెల్, అభి శేలత్ అనేటోళ్లు, జనం అమ్మిన పాత హార్డ్‌డిస్కులు 158 కొనుక్కొచ్చి ఒక్కొక్కటి తెరిచి చూసిన్రు. 2003ల ఆ లెక్క అచ్చయింది. నడిచినయి 129. అందుల సక్కగ తుడిచి అమ్మినయి ఎన్నో తెలుసునా? 12. మిగిలినయాట్ల జనాల ఉత్తరాలు, దవాఖాన కాయితాలు, వేలల్ల క్రెడిట్ కార్డు నంబర్లు. ఒక డిస్కు అయితె ఏ.టి.ఎం. మిషన్లకెళ్లి వచ్చినదే. చదువురానోళ్లు అమ్మినయి కాదు అవన్ని. ఇంకోటి విను. మోర్గాన్ స్టాన్లీ అని అమెరికాల పెద్ద పైసల కంపెనీ. పాత సర్వర్లు, డిస్కులు వదిలించుకునే పని సామాన్లు మోసే కంపెనీకి అప్పజెప్పింది. వాటిల కొన్ని ఖాతాదార్ల వివరాలతో సహా ఆన్‌లైన్ వేలంల అమ్ముడువోయినయి. 1.5 కోట్ల మంది వివరాలు జాగ్రత్త చెయ్యలేదని 2022 సెప్టెంబర్ల అక్కడి షేర్ మార్కెట్ల మీద నిఘా పెట్టే ఎస్.ఇ.సి. 3.5 కోట్ల డాలర్ల జుర్మానా వేసింది. అంత పెద్ద కంపెనీలనే గట్లయినంక, డిలీట్ కొట్టిన అని అన్న అంటె నేనెట్ల నమ్మాలె?

"మా ఇంట్ల ఏముంటది దాచిపెట్టనీకి" అంటవ్. అది ఎవ్వరు అన్నా నాకు కోపమొస్తది వదినా, నీ మీద కాదు గని. ఒకసారి డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్ తెరిచి చూడు. మనిషి బతుకంత ఆడ్నే కుప్ప పడి ఉంటది. మీ ఇంట్ల అందరి ఆధార్ పి.డి.ఎఫ్.లు ఉంటయి. దానికి పాస్‌వర్డ్ ఉంటది గదా అంటవేమో. ఆ పాస్‌వర్డ్ ఏంది? పేరుల మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దయి, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. పుట్టిన సంవత్సరం ఏడ దొరుకుతది? అదే ఫోల్డర్ల పక్కన్నే ఉన్న పదో తరగతి మెమోల. ఇగ తాళం ఎందుకు, చెవి ఎందుకు? దాని పక్కన పాన్ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల పాస్‌పోర్టు సైజు ఫోటోలు, అన్న సంతకం స్కాన్ చేసింది. ఒకరి పేరు మీద లోన్ యాప్‌ల అప్పు తీయనీకి ఇంతకంటె ఏం కావాలె?

మన దిక్కు ఇంకో రకం కాయితాలు గూడ ఉంటయి. ప్లాటు రిజిస్ట్రీ, లింకు డాక్యుమెంట్లు, ఈ.సి., 2020ల వెయ్యి రూపాయలు కట్టి పెట్టుకున్న ఎల్.ఆర్.ఎస్. దరఖాస్తు. పంచాయతీ ఉన్నప్పటి ఇంటి పన్ను రసీదు కాడ్నుంచి 2019ల బడంగ్‌పేట్ కార్పొరేషన్ అయినంక కట్టిన రసీదుల దాక. భూమి ధరలు ఇట్ల పెరిగిన జాగల ఇంటి కాయితాలు, సంతకం, ఆధార్, మూడూ ఒక్కకాడ పెట్టి బయటికి పంపుడు మంచిది కాదు. మీ ఆడబిడ్డ ఇల్లు పరాయిది కాదు, నేనొప్పుకుంట. గని ఆ ల్యాప్‌టాప్ ఆ ఇంట్లనే ఉంటదా? రేపు చెడిపోతె రిపేరు దుకాణంల ఇస్తరు, హాస్టల్ల దోస్తులు వాడుతరు, నాలుగేండ్ల తర్వాత ఆ పిల్ల ఇంకెవ్వరికో అమ్ముతది. ఆడికెళ్లి ఆ డిస్కు ఎవ్వరి చేతికి పోతదో మీకు ఎరుకనా, ఆమెకు ఎరుకనా?

అందుకే వదినా, మొదలు మీది మీరు తీస్కోవాలె. ఇది నిదానంగ చెయ్యాల్సిన పని, తుడిచే కంటె దీనికే ఎక్కువ పొద్దు పడ్తది. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పట్టుకొని కూసొని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, ఫోటోలు అన్ని ఎక్కించాలె. అన్న దుకాణం లెక్కలు టాలీల ఉన్నయి గదా? ఆ టాలీ డేటా డెస్క్‌టాప్ మీద కనపడది, దాని ఫోల్డర్ వేరే ఉంటది. టాలీ తెరిచి అందులకెళ్లే బ్యాకప్ తీయమను. జి.ఎస్.టి. చట్టం ప్రకారం ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు భద్రం పెట్టాలె. ఆరేండ్లు! పాత ల్యాప్‌టాప్‌తోని పాటు ఆరేండ్ల లెక్కలు పోగొట్టుకున్న అంటె ఏ ఆఫీసర్ వింటడు? శుభలేఖలు కొట్టనీకి పెట్టుకున్న అను ఫాంట్లు ఉంటె అవి గూడ తీసుకో. డి-డ్రైవ్ మర్చిపోవద్దు. మనోళ్లు అసలైన సామానంత డి-డ్రైవ్‌ల దాస్తరు.

ఫోటోల సంగతైతె నేను గట్టిగ చెప్త. మీ అత్తమ్మ బతికున్నప్పటియి, పెద్దోడి చిన్నప్పటియి, అన్న బాలాపూర్ గణేశుడి ఊరేగింపుల తీసినయి, అన్ని అందులనే ఉన్నయని నువ్వే చెప్పినవ్. వాటిని ఒక్క జాగల కాదు, రెండు జాగల్ల పెట్టు. ఎక్కించినంక ఆ హార్డ్‌డిస్క్ పీకి, నా దుకాణంల మిషన్‌కు పెట్టి నాలుగైదు ఫోటోలు, రెండు మూడు పి.డి.ఎఫ్.లు తెరిచి చూద్దాం. తెరుచుకున్నయి అంటెనే కాపీ అయినట్టు. వంద శాతం అని పట్టీ నిండినంత మాత్రాన నేను నమ్మ.

ఇంకో ముచ్చట, ఇది చానా మందికి తెల్వక ఆగమైతరు. వన్‌డ్రైవ్ అని నీలం మబ్బు బొమ్మ కింద మూలకు ఉంటది చూడు. అది మీ ఫోల్డర్లను నెట్ల ఉన్న ఖాతాతోని జోడించి పెడ్తది. ల్యాప్‌టాప్ ఖాళీ చేద్దామని ఆ ఫోల్డర్లయి డిలీట్ కొడ్తె, నెట్ల ఉన్నయి గూడ పోతయి, ఫోన్ల కనపడేయి గూడ పోతయి. క్రోమ్‌ల దాచిపెట్టిన పాస్‌వర్డ్‌లు అంతే. సింక్ నడుస్తుండంగ ఇక్కడ తీసేస్తె అంతట తీసినట్టే. మొదలు ఖాతా నుంచి సైనవుట్ కావాలె, జోడింపు తెంపాలె. ఆ తర్వాతనే ఏదైన చేసుకోవాలె. ఈ వరుస తప్పితె పోయినయి దొరకబట్టుడు మస్తు కష్టం.

వాట్సాప్ కంప్యూటర్ల పెట్టుకున్నరా? ఫోన్ల లింక్డ్ డివైసెస్ అని ఉంటది, ఆడికి పోయి ఆ ల్యాప్‌టాప్‌ను లాగవుట్ చేయి. ఫోన్ పక్కన లేకున్న గూడ ఆ ల్యాప్‌టాప్‌ల మీ మెసేజులు వస్తనే ఉంటయి, ఎరుకనా. గూగుల్ ఖాతాల గూడ మీ డివైసులు అనే పట్టిక ఉంటది, అందులకెళ్లి తీసెయ్యి. మీ పెద్దోడు, చిన్నోడు, ఎవరెవరు అందుల లాగిన్ అయిండ్రో అందరిని కూసొబెట్టి చేయించు. అన్న ఒక్కడిదే అనుకోవద్దు.

ఇగ నా అసలు మాట. మైక్రోసాఫ్ట్ ఖాతాల ఫైండ్ మై డివైస్ అని ఒకటుంది. ల్యాప్‌టాప్ ఏడుందో మ్యాపు మీద చూపిస్తది. దొంగతనం అయితె పనికొస్తదని పెట్టిన్రు. అన్న ఖాతా తీయకుంట, అన్న పేరుతోనే ఆ పిల్లకు ఇచ్చిన్రనుకో, ఆ ల్యాప్‌టాప్ ఏ ఊర్ల, ఏ జాగల ఉందో అన్న ఫోన్ల కనపడ్తది. ఆ పిల్ల దాసుకునే ఫైళ్లు అన్న వన్‌డ్రైవ్‌లకు వచ్చి పడ్తయి.

మంచిదే గదా, ఆడపిల్ల, ఏడ తిరుగుతదో పెద్దోళ్లకు తెలుస్తది అంటున్నవా? వద్దు వదినా. ఆ మాట నేను ఒప్పుకోను. ఆ పిల్లకు పద్దెనిమిదేండ్లు వచ్చినయి. ఇంటికెళ్లి మొదటిసారి బయటికి అడుగు పెడ్తున్నది. తనకు తెల్వకుంట ఎవరో చూస్తుండ్రంటె, అది మేనమామ అయినా సరే, ఆ ల్యాప్‌టాప్ తనది ఎట్లయితది? తను రాసుకునే మాటలు, దోస్తుతోని దిగిన ఫోటో అన్ని మీ కాడికి వస్తయి. మీరు చూడకపోవచ్చు. అన్న అసొంటోడు కాదు, నాకు తెల్వదా? గని చూసే దారి తెరిచి పెట్టి ఇయ్యొద్దు. కాలేజీకి పోయే పిల్లల్ల చానా మంది ఇట్ల ఎవరో ఒకరు వాడిన మిషన్లతోనే చదువుకుంటుండ్రు. వాళ్లకు కొత్త మిషన్ దొరకకపోవచ్చు, గని తాళం మాత్రం వాళ్లదే ఉండాలె. తన గురించి తనకు తెల్వకుంట ఎవ్వరికీ తెల్వకూడదు, కొత్తది కొనుక్కున్న పిల్లకు ఎట్లనో ఈ పిల్లకు గూడ అట్లనే.

అందుకే ఖాతా పూర్తిగ తీయాలె. ఫైండ్ మై డివైస్ బంద్ పెట్టాలె. రీసెట్ అయినంక గూడ ఫోన్ల మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, డివైసుల పట్టికలకెళ్లి ఈ ల్యాప్‌టాప్ పేరు తొలగించాలె. ఆన్ చెయ్యంగనే ఎఫ్2 గాని, ఎఫ్10 గాని నొక్కితె బయోస్ అని నల్లటి తెర వస్తది. అన్న ఎప్పుడన్న ఆడ పాస్‌వర్డ్ పెట్టి ఉంటె అది గూడ తీయాలె. విండోస్ ఎన్నిసార్లు కొత్తది వేసినా ఆ పాస్‌వర్డ్ పోదు, ఇప్పటి మిషన్లల్ల లోపలి చిన్న బ్యాటరీ పీకినా చానా వాటికి పోదు. ఆపిల్ మ్యాక్‌బుక్‌లల్ల కొన్నిటికి యాక్టివేషన్ లాక్ అని ఉంటది. పాత మనిషి ఐక్లౌడ్‌ల ఫైండ్ మై తీయకుంట ఇస్తె, కొత్త మనిషికి మిషన్ ఉన్నా లేనట్టే. మీది మ్యాక్ కాదు, తెలుసు. రేపు ఎవరన్న అడిగితె చెప్పనీకి పనికొస్తది.

సరే, తుడిచే ముచ్చటకు వస్త. మీ ల్యాప్‌టాప్‌ల తిరిగే హార్డ్‌డిస్కా, ఎస్.ఎస్.డి.నా? చెవి పెట్టి వింటె సన్నగ గుర్రుమంటదన్నవ్, ఆన్ అయ్యేలోపల చాయ తాగొచ్చు అన్నవ్. అట్లయితె హార్డ్‌డిస్కే. మస్తు మంచిది! దాన్ని పీకి మీ ఇంట్లనే పెట్టుకోండ్రి, దాని జాగల కొత్త ఎస్.ఎస్.డి. వేయించి ఇయ్యండ్రి. కాయితాలు, ఫోటోలు ఇల్లు దాటవు, తుడిచే పరేషాన్ లేదు, ఆ పిల్లకు మిషన్ ఎంత జల్ది తెరుచుకుంటదో చూస్తె మీకే ఆశ్చర్యం అయితది. పీకిన డిస్కుకు కేసింగ్ అని దొరుకుతది, అందుల పెడ్తె ఎక్స్‌టర్నల్ డిస్కు లెక్క వాడుకోవచ్చు. నా మాట వింటె ఇదే చెయ్యి. ఒక్కటే జాగ్రత్త. పీకే ముందు డివైస్ ఎన్‌క్రిప్షన్ గాని, బిట్‌లాకర్ గాని పెట్టి ఉందా అని సెట్టింగ్స్‌ల చూడాలె. పెట్టి ఉంటె ఆ డిస్కు ఇంకో మిషన్‌కు పెట్టంగనే 48 అంకెల రికవరీ కీ అడుగుతది. అది అన్న మైక్రోసాఫ్ట్ ఖాతాల ఉంటది, ముందుగాలనే ఒక కాయితం మీద రాసి పెట్టుకోండ్రి.

డిస్కు మార్చే పని వద్దనుకుంటె రీసెట్ చేయాలె. దుకాణంల ఫార్మాట్ కొట్టించుడు అంటరు గదా, ఉత్త ఫార్మాట్ చాలదు. సెట్టింగ్స్‌ల రికవరీ అని ఉంటది, ఆడ రీసెట్ దిస్ పీసీ. రిమూవ్ ఎవ్రీథింగ్ అన్నది పట్టుకోవాలె. తొందరపడి నెక్స్ట్, నెక్స్ట్ కొట్టొద్దు, అదే తప్పు చేస్తరు జనం. ఛేంజ్ సెట్టింగ్స్ అని సన్నగ రాసి ఉంటది, అది నొక్కితె క్లీన్ డేటా అని వస్తది. దాన్ని ఎస్ పెట్టాలె, అప్పుడే పాత సంగతుల మీద మల్ల రాసి తుడుస్తది. ఆడ్నే అన్ని డ్రైవులు తుడవాల్నా, విండోస్ ఉన్నదొక్కటే తుడవాల్నా అని గూడ అడుగుతది. ఒక్కటే అంటె డి-డ్రైవ్ ఎట్లున్నది అట్లనే మిగుల్తది. అందుకే ఇందాక డి-డ్రైవ్ అని అంతగనం చెప్పిన.

పాత హార్డ్‌డిస్కుకు ఒక్కసారి పూర్తిగ మీద రాస్తె చాలు. ముప్పై అయిదుసార్లు అని కొందరు చెప్తరు, అది ఎప్పటిదో పాత రకం డిస్కుల కోసం 1996ల పీటర్ గట్‌మన్ అనేటాయన రాసిన దాన్ని పట్టుకొని వచ్చిన మాట. ఎస్.ఎస్.డి. తీరు వేరే. అది రాసే జాగ తనంత తనే మార్చుకుంటుంటది, మనం మీద రాసినం అనుకున్నది ఇంకో మూలకు పోతది. దానికి మంచి ఉపాయం, ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంచి అప్పుడు రీసెట్ చేసుడు. తాళంచెవి పోతది, ఏ మూలకు ఏం మిగిలినా అర్థం లేని అక్షరాలే. కంపెనీ వాళ్లే ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ అని ఇంకోటుంది, కొన్ని మిషన్లకు బయోస్‌లనే ఉంటది. అది దొరికితె ఇంకా మంచిది.

చార్జర్ పెట్టే చేయాలె వదినా. పాత బ్యాటరీని నమ్ముకొని మొదలుపెడ్తె, నడుమల కరెంటు పోయి మిషన్ ఆగితె విండోస్ సగంల విరుగుతది. ఇన్వర్టర్ ఉన్న గదిల పెట్టు. హార్డ్‌డిస్కు క్లీన్ డేటా అంటె గంటలు పడ్తది, రాత్రి పెట్టి పండుకోండ్రి. క్లౌడ్ డౌన్‌లోడ్ అని అడిగితె అది 4 జీబీ కంటె ఎక్కువ నెట్ గూడ తీసుకోవచ్చు, ఇంట్ల వైఫై ఉంటెనే అది. ఫోన్ నెట్ మీద అయితె లోకల్ అన్నదే నొక్కు. విండోస్ కీ పోతదేమో అని అన్న భయపడొద్దు, ఆ లైసెన్సు మిషన్ బోర్డుకే కట్టి ఉంటది, నెట్‌కు తగిలించంగనే మల్ల దానంతట అదే వస్తది. ఎం.ఎస్. ఆఫీస్ మాత్రం అట్ల కాదు. ల్యాప్‌టాప్‌తోని వచ్చిన ఆఫీస్ మొదలు వాడిన ఖాతాకు కట్టుకుంటది, అది అన్న కాడనే ఉంటది. పిల్లకు లిబ్రే ఆఫీస్ వేద్దాం, పైసల్లేకుంట దొరుకుతది. కాలేజీ మెయిల్‌తోని ఆఫీస్ ఇస్తరేమో గూడ అడగమను.

అన్నట్టు, మీది విండోస్ 10 గదా? 2025 అక్టోబర్ 14తోని మైక్రోసాఫ్ట్ దానికి మామూలు అప్‌డేట్లు ఆపేసింది. 11 ఎక్కాలంటె టి.పి.ఎం. 2.0 అనే చిప్పు ఉండాలె, ఇంటెల్ అయితె ఎనిమిదో తరం ప్రాసెసర్ గాని, దాని తర్వాతది గాని ఉండాలె. అబౌట్ అని తెరిస్తె ఐ5 పక్కన నంబరు ఉంటది. 8250 తీరుగ 8తోని మొదలైతె సరిపోతది, 6తోని, 7తోని మొదలైతె కాదు. అట్లని మిషన్ పారెయ్యాల్సిన పని లేదు. లినక్స్ మింట్ వేసి ఇస్తె మొదటి సంవత్సరం సి, పైథాన్ చక్కగ నేర్చుకుంటది. మన హైదరాబాద్‌ల స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు తెలుగుల ఆపరేటింగ్ సిస్టమే తయారు చేసిన్రు, అసొంటోళ్ల పని చూస్తె నాకు గర్వమనిపిస్తది. ఏ పిల్ల అయినా తన భాషల రాసుకోగలగాలె. విండోస్ వేస్తె గూడ తెలుగు ఫొనెటిక్ కీబోర్డు నేనే పెట్టిస్త. అమ్మ అని ఇంగ్లీషు అక్షరాలల్ల కొడ్తె తెలుగుల పడ్తది.

మీ పెద్దోడి కాడ ఇంకో ల్యాప్‌టాప్ ఉంది గదా, నల్లది? దాన్ని గూడ ఇద్దామనుకుంటున్నరా? అది కంపెనీ వాళ్లు ఇచ్చింది అయితె ముట్టుకోవద్దు. నౌకరి మారినంక వాపస్ ఇయ్యాల్సిందే. రీసెట్ కొట్టినా పని కాదు, నెట్‌కు తగిలించంగనే ఆ కంపెనీ పేరుతోని లాగిన్ తెర వస్తది. ఆ మిషన్ గుర్తును కంపెనీ తన పట్టికల పెట్టుకుంటది, అది వాళ్లు తీస్తెనే పోతది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోతె కంపెనీలు వదిలేసిన ల్యాప్‌టాప్‌లు ఎన్నో దొరుకుతయి, మంచియి గూడ ఉంటయి. కొనేటప్పుడు దుకాణంలనే రీసెట్ చేయించి, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, ఏ కంపెనీ పేరూ రాకుంట దేశం ఏదని అడిగే తెర దాటి ముందుకు పోయిందాక చూసి, బిల్లు తీస్కోని అప్పుడే పైసలు ఇయ్యాలె. ఈ మాట మీ ఆడబిడ్డకు గూడ చెప్పు, తమ్మునికి కొంటరేమో.

రీసెట్ అయినంక మొదటి తెర వస్తది, దేశం ఏదని అడుగుతది. ఆడ్నే ఆపెయ్యాలె. మీరు ముందుకు పోయి అన్న పేరో, మీ పెద్దోడి పేరో పెట్టి "తయారుగ ఉంది" అని ఇయ్యొద్దు. పవర్ బటన్ పట్టుకొని బంద్ చేసి, అట్లనే పెట్టెల పెట్టండ్రి. పేరు ఆ పిల్లనే పెట్టుకుంటది.

ఇంకేం? కీబోర్డు సందులల్ల దుమ్ము బ్రష్షుతోని దులుపు, తెర మీద నీళ్లు కొట్టకు, మెత్తటి బట్ట చాలు. బ్యాటరీ ఎంత మిగిలిందో నేను ఒక రిపోర్టు తీసిస్త. కొత్తగున్నప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడ్తది, రెండు నంబర్లు వస్తయి. అది ఆ పిల్లకు ఉన్నది ఉన్నట్టు చెప్దాం. క్లాసుల ఎంతసేపు వస్తదో తెలిస్తె చార్జర్ ఎంట పెట్టుకుంటది.

శనివారం సాయంత్రం అన్నను దుకాణంకు తీస్కరమ్మను. అన్న ఖాతాల పాస్‌వర్డ్ అన్నకే కావాలె, నాకు చెప్పొద్దు, తనే కొట్టాలె. ఎస్.ఎస్.డి. వేద్దాం అంటె రేపటిలోపల చెప్పు, 512 జీబీది తెప్పించి పెడ్త. పిల్ల ఆదివారం వచ్చినంక మీ ఇంట్లనే తెరుద్దాం. తను పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు మనమిద్దరం వంటింట్ల ఉందాం. పాత ల్యాప్‌టాప్ బ్యాగు జేబులల్ల గూడ ఒకసారి చెయ్యి పెట్టి చూడు వదినా, పెన్‌డ్రైవులు, బ్యాంకు చెక్కుబుక్కులు ఆడ్నే మర్చిపోతరు. చార్జర్ దానిదేనా, అన్న ఎప్పుడో మార్చిండా? అది గూడ పట్టుకరా, పిన్ను సరిపోతదో లేదో చూద్దాం.